2015: కరువు ఏడాది, సానియా ఏడాది

ఈ రోజు పంటల ముచ్చట కాదు, టెన్నిస్ ముచ్చట. చివరిదాకా చదవండి, మనకు పనికొచ్చే మాట ఒకటుంది.

2015 మీకు యాదికుండే ఉంటుంది. వానలు మొహం చాటేసిన ఏడాది. గోదావరి పుష్కరాలు మొదలుకావడానికి మూడు రోజుల ముందు, జూలై 11 రాత్రి, నాకు నిద్ర పట్టలేదు. పత్తి గింజలు పెట్టి ఆకాశం వంక చూస్తున్న రోజులవి. టీవీ పెడితే లండన్‌లో వింబుల్డన్ మహిళల డబుల్స్ ఫైనల్ నడుస్తోంది. మన హైదరాబాద్‌లో పెరిగిన సానియా మీర్జా, స్విట్జర్లాండ్ ఆమె మార్టినా హింగిస్ ఒక పక్క. రష్యా జోడి మకరోవా, వెస్నినా రెండో పక్క.

అంతకు ముందు సంగతి చెప్పాలి. సానియా 2007లో సింగిల్స్‌లో ప్రపంచంలో 27వ ర్యాంకు దాకా పోయింది. తర్వాత మణికట్టు, మోకాళ్ళు ఇబ్బంది పెట్టాయి, ఆపరేషన్లు అయ్యాయి. 2013లో సింగిల్స్ మానేసింది. ఒక్కతే కోర్టంతా ఉరకడం ఒళ్ళు తట్టుకోలేదు, డబుల్స్‌లో సగం కోర్టే చూసుకోవాలి. హింగిస్ కూడా 2007లో ఆట వదిలేసి, 2013లో మళ్ళీ వచ్చిన మనిషి. సానియాకు 28 ఏళ్ళు, ఆమెకు 34.

2015 మార్చిలో ఇద్దరూ కలిశారు. ఇండియన్ వెల్స్, మయామి, చార్లెస్టన్ వరుసగా మూడూ గెలిచారు. ఏప్రిల్ 13న సానియా డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్. మన దేశపు ఆడపిల్లల్లో అదే మొదటిసారి. వెనకనుంచి గట్టిగా కొట్టడం సానియా పని, నెట్ దగ్గర చేతివాటంతో ముగించడం హింగిస్ పని. మన పొత్తుల సేద్యం లాంటిదే అనుకోండి. ఒకరి దగ్గర లేనిది ఇంకొకరి దగ్గర ఉండాలి, అప్పుడే పొత్తు నిలుస్తుంది.

అయితే అన్నీ గెలవలేదు. ఫ్రెంచ్ ఓపెన్‌లో క్వార్టర్ ఫైనల్లోనే ఇంటికి పోయారు.

ఇక ఆ రాత్రి. మొదటి సెట్ 5-7తో పోయింది. రెండోది టైబ్రేక్‌లో దక్కింది. మూడో దాంట్లో 2-5 వెనక. ఇంకొక్క గేమ్ పోతే అయిపోయినట్టే. నేను టీవీ కట్టేద్దామనుకున్నా. కానీ ఒక్కో గేమ్ లాక్కుంటూ 5-5 చేశారు. వెలుతురు తగ్గిందని ఆట ఆపి పైకప్పు మూశారు. మన దగ్గర అర్ధరాత్రి దాటింది. మళ్ళీ మొదలుపెట్టి చకచకా రెండు గేములు గెలిచేశారు. 7-5. సానియాకు మహిళల డబుల్స్‌లో అదే మొదటి గ్రాండ్‌స్లామ్.

ఆ తర్వాత సెప్టెంబరులో యూఎస్ ఓపెన్ గెలిచారు. గ్వాంగ్జౌ, వూహాన్, బీజింగ్, ఆఖరికి సింగపూర్ కూడా. ఆ ఏడాది సానియాకు మొత్తం 10 టైటిళ్ళు. తొమ్మిది హింగిస్‌తో, జనవరిలో సిడ్నీది అమెరికా ఆమె మాటెక్ శాండ్స్‌తో. ఆ గెలుపుల వరుస 2016లోకి కూడా సాగి, 41 మ్యాచ్‌ల దగ్గర ఆగింది.

నా పత్తి మాత్రం గెలవలేదు. పోగుంటలు పెట్టినా మొలకలు నిలవలేదు. సగం చేను దున్నేసి కంది వేసిన. సానియాను చూసి మార్చిన అంటే అబద్ధం, వాన లేక మార్చిన. కానీ ఊర్లో "పత్తి చేతకాక వదిలేసిండు" అని నవ్వుతుంటే, సింగిల్స్ మానేసిన ఆమె నాకు గుర్తొచ్చేది. ఆ కందే ఆ ఏడు మా ఇంటి ఖర్చు గడిపింది.

తోడుకు అడగడానికి, పంట మార్చడానికి సిగ్గుపడకండి. వదిలేసినోళ్ళందరూ ఓడిపోయినట్టు కాదు.

మీకు 2015 ఎట్లా గడిచిందో కింద రాయండి.