నిప్పుంది, ఫైర్‌మన్ లేడు: తెలుగు సీరియల్‌లో అగ్నిమాపక జీవితం – ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతాల్లో తయారయ్యే సినిమాలకూ సీరియళ్లకూ నిప్పు కొత్త కాదు. ఆ నిప్పు ఆర్పేవాడి కొలువు, కాపురం మాత్రం కథావస్తువు కాలేదు. ప్రేక్షకుల అభిరుచే ఇందుకు కారణమని చెప్పడం పరిపాటి. అసలు కారణం దినసరి సీరియల్ తయారయ్యే పద్ధతిలో ఉందనీ, ఫైర్ స్టేషన్ బతుకు సీరియల్ రూపానికి చక్కగా ఒదుగుతుందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: దినసరి సీరియల్, ఫైర్ స్టేషన్, వృత్తి కథ, ఫిల్మ్‌నగర్, సెట్టు.

1. ఉపోద్ఘాతం

2017 నవంబరు 13 సాయంత్రం హైదరాబాదు అన్నపూర్ణ స్టూడియోలో మంటలు లేచాయి. ‘మనం’ సినిమా కోసం వేసిన సెట్టు బుగ్గయింది. అక్కినేని నాగేశ్వరరావు చివరిసారిగా నటించిన సినిమా అది. ఆయన పోయాక 2014లో విడుదలైంది. మంటల్లో ఎవరి ప్రాణాలూ పోలేదు. 2019 మే నెలలో కోకాపేటలో ‘సైరా నరసింహారెడ్డి’ సెట్టు కూడా ఇలాగే కాలింది. ఈ ఘటనలు తలచుకుంటే మనకు గుర్తొచ్చేవి సెట్లూ సినిమాలూ. హోస్ పట్టుకుని నిలబడినవాళ్ల పేర్లు ఎవరి నోటా రావు.

సెట్టు అంటేనే అంటుకునే సరుకు. ప్లైవుడ్, థర్మోకోల్, గుడ్డ, రంగులు, పైన వేడెక్కే లైట్లు, కింద చుట్టలు చుట్టలుగా కేబుళ్లు. 1989 ఫిబ్రవరి 8న మైసూరు ప్రీమియర్ స్టూడియోలో ‘ది స్వోర్డ్ ఆఫ్ టిప్పు సుల్తాన్’ చిత్రీకరణలో మంటలు చెలరేగి 62 మంది చనిపోయారు. అది టీవీ సీరియల్ కావడం గమనార్హం. నిప్పుకూ సీరియల్‌కూ మన దేశంలో ఉన్న సంబంధం కథలోకి రాకముందే ఫ్లోర్ మీద ఇంత విషాదంగా నమోదైంది.

2. తెర మీద నిప్పు చేసే పని

తెలుగు తెర మీద నిప్పుకు ముఖ్యంగా రెండు పాత్రలున్నాయి. పురాణాల నుంచి వచ్చిన పాత్ర పరీక్ష: సత్యం తేల్చడానికి పేర్చిన చితి. సాంఘికాల్లో వచ్చిన పాత్ర ప్రమాదం: గుడిసెలు తగలబడతాయి, లోపల పసిబిడ్డ ఏడుస్తుంటుంది, తడి దుప్పటి కప్పుకుని హీరో దూకుతాడు. ఫైర్ ఇంజన్ వస్తే గంట కొట్టుకుంటూ సీను చివర వస్తుంది. ఫైర్‌మన్ చేయాల్సిన పని అప్పటికే హీరో చేసేసి ఉంటాడు.

ఈ ప్రమాదం సీను తీసే తీరు చూస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. కిటికీ చట్రం వెనక రంధ్రాలు పెట్టిన ఇనుప గొట్టం, దానికి రబ్బరు పైపు, పైపు చివర గ్యాస్ సిలిండర్. సిలిండర్ దగ్గర కూర్చున్న మనిషి డైరెక్టర్ చెయ్యి చూసి వాల్వు తిప్పుతాడు. ‘కట్’ అనగానే కట్టేస్తాడు. కెమెరాకు అందని చోట నీళ్ల బకెట్లు, తడిపిన గోనె సంచులు పట్టుకుని నలుగురు నిలబడతారు. మంటను అదుపులో ఉంచే పని ఫ్రేముకు అడుగు దూరంలోనే జరుగుతోంది, కానీ కెమెరా అటు తిరగదు.

3. ఖాకీ వచ్చింది, తెల్లకోటు వచ్చింది

పోలీసు కూడా ఒకప్పుడు క్లైమాక్స్ అయ్యాక జీపులో దిగేవాడే. ‘అంకుశం’ (1989), ‘కర్తవ్యం’ (1990) వంటి చిత్రాలు అతణ్ణి, ఆమెను కథ నడిబొడ్డున నిలిపాయి. బుల్లితెర మీద జెమినీ టీవీ ‘మొగలిరేకులు’లోని ఆర్.కె. నాయుడు పోలీసు అధికారిగా ఇంటింటి మనిషి అయ్యాడు. స్టార్ మా ‘కార్తీకదీపం’ డాక్టర్ బాబునూ అంతే ఆదరించారు.

అయితే ఈ సీరియళ్లలో ఉద్యోగం చాలావరకు హోదా మాత్రమే. డాక్టర్ బాబు కథ నడిచేది ఆపరేషన్ థియేటర్ వల్ల కాదు, భార్య మీద అనుమానం వల్ల. పాత్రకు యూనిఫాం తొడిగాం గానీ పనిని కథ చేయలేదు. ఫైర్‌మన్‌కు ఆ హోదా కూడా లేదు. అతనికి లాఠీ లేదు, క్లినిక్ లేదు, పెళ్ళిచూపుల సీనులో గొప్పగా చెప్పుకునే జీతం లేదు. పనిని చూపకపోతే అతని గురించి చూపడానికి ఏమీ మిగలదు. చిక్కు ఇక్కడే ఉంది.

4. ఇతరుల అనుభవం

బ్రిటన్‌లో జాక్ రోసెంతాల్ రాసిన ‘లండన్స్ బర్నింగ్’ 1986లో టెలిఫిల్మ్‌గా వచ్చి, 1988 నుంచి 2002 దాకా సీరియల్‌గా నడిచింది. అమెరికాలో ‘రెస్క్యూ మీ’ (2004–2011) న్యూయార్క్ జంట భవనాల దాడిలో 343 మంది సహచరులను పోగొట్టుకున్న అగ్నిమాపక దళం లోపలి గాయాన్ని తీసుకుంది. 2012లో మొదలైన ‘చికాగో ఫైర్’ ఒకే ఫైర్‌హౌస్ చుట్టూ ఏళ్ల తరబడి తిరుగుతోంది. వీటిలో మంటలు ఎపిసోడ్‌లో కొంతసేపే ఉంటాయి. మిగతాదంతా భోజనాల బల్ల, డ్యూటీ మార్పులు, అప్పులు, విడాకులు, తాగుడు, స్నేహం.

మన దేశంలో మమ్ముట్టి నటించిన మలయాళ చిత్రం ‘ఫైర్‌మన్’ (2015), రాహుల్ ఢోలకియా తీసిన హిందీ ‘అగ్ని’ (2024) ఈ దారిలో అడుగులు. ‘అగ్ని’లో కన్నకొడుకుకు ఫైర్‌మన్ అయిన తండ్రి కంటే పోలీసు మేనమామే హీరోగా కనిపిస్తాడు. తెలుగు తెరలో ఈ వృత్తికి ఉన్న స్థానాన్ని ఆ పిల్లవాడి చూపే చెప్పేస్తోంది.

5. స్టేషనూ ఒక ఇల్లే

దినసరి సీరియల్ బంగళాలోనే తిరగడానికి కారణం కళ కాదు, లెక్క. అద్దెకు తీసుకున్న ఒకే ఇంట్లో హాలు, మెట్లు, వంటగది, పూజగది దొరుకుతాయి; రోజుకు ఇన్ని సీన్లు అయిపోతాయి. బయటి చిత్రీకరణ, నిప్పు, నీళ్లు, వాహనాలు అంటే నిర్మాతకు గుండె దడ.

కానీ ఫైర్ స్టేషన్‌ను కాస్త దగ్గరగా చూడండి. అదీ ఒకే కప్పు కింద నడిచే సంసారమే. స్టేషన్ ఫైర్ ఆఫీసర్ ఇంటి పెద్ద. లీడింగ్ ఫైర్‌మన్, డ్రైవర్ ఆపరేటర్, ఫైర్‌మన్లు వరసల ప్రకారం కుటుంబం. పనిలో ఎక్కువ భాగం ఎదురుచూపే. బండి కడగడం, హోస్ ఆరబెట్టడం, డ్రిల్, వంట, కబుర్లు. అన్నం కలుపుతుండగా కాల్ వస్తే పళ్ళెం అక్కడే ఉండిపోతుంది. దీపావళి ఊరందరికీ పండగ, వీళ్లకు ఏడాదిలోకెల్లా బరువైన రాత్రి. పండగ ఎపిసోడ్ లేనిదే సీరియల్ లేదు. తండ్రి లేకుండా దీపాలు పెట్టుకునే ఇల్లు ఇంతవరకూ ఏ రచయిత కంటా పడలేదా?

స్టేషన్ రిజిస్టర్‌లో ప్రతి కాల్‌కూ వివరాలు రాస్తారు: కబురు అందిన వేళ, చోటు, బయల్దేరిన వేళ, తిరిగొచ్చిన వేళ. మంటకు సంబంధించినవన్నీ అందులో ఉంటాయి. కాలిన శవాన్ని మోసుకొచ్చినవాడు ఆ రాత్రి ఇంట్లో అన్నం తిన్నాడా లేదా అన్నదానికి గడి లేదు. సీరియల్ రాయాల్సింది ఆ లేని గడిలోనే.

6. ప్రతినాయకుడు లేడా?

నిప్పు కథలో విలన్ ఉండడన్న అభ్యంతరం నిలవదు. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాదు రూబీ లాడ్జిలో కింద బ్యాటరీ స్కూటర్లు అంటుకుని, పొగ మెట్ల గుండా పైకెక్కి 8 మంది చనిపోయారు. 2023 మార్చి 16న స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు యువతీయువకులు ఊపిరాడక ప్రాణాలు విడిచారు. పార్కింగ్ కోసం కట్టి గోదాములైన సెల్లార్లు, సామాన్లతో మూసుకుపోయిన మెట్లు, కాగితం మీద మాత్రమే ఉన్న జాగ్రత్తలు – ఇంతకంటే బలమైన ప్రతినాయకుణ్ణి ఏ అత్త పాత్ర ఇవ్వగలదు?

7. ముగింపు

ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. 1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాక్ పేలుడులో అసువులు బాసిన అగ్నిమాపక సిబ్బంది స్మృతిలో వచ్చిన ఆనవాయితీ అది. ఆ వారంలో కరపత్రాలు పంచుతారు, విన్యాసాలు చూపుతారు. ఆ మనుషుల కథ మాత్రం ఎవరూ అడగరు. ఒకే కప్పు కింద ఒక స్టేషన్, పక్కనే రెండు మూడు ఇళ్లు, నెలకొక్క మంట – ఇవి చాలు, దినసరి బడ్జెట్‌లోనే ఈ కథ నడుస్తుంది. కొరత డబ్బుది కాదు, సమాచారానిది. కాబట్టి పదవీ విరమణ చేసిన ఫైర్‌మన్ల అనుభవాలను, వారి భార్యల జ్ఞాపకాలను వారి మాటల్లోనే రికార్డు చేసే పని విశ్వవిద్యాలయాల తెలుగు, జర్నలిజం శాఖలు ముందుగా చేపట్టాలి. సీరియల్ రచయితలు ఆ తర్వాత వస్తారు.