పాటకు ప్రాణమేది?

సినిమా వచ్చి మంచి పాటను చెఱచినదని మా నిజాంపేట రచ్చకట్టమీద పెద్దలు వాపోవుచుందురు. నే నందుకు సమ్మతింపను. పాతదైనంత మాత్రమున పాట మంచిదగునా?

మోటపాటను తలంచుడు. ఎడ్లు వాలుదారి దిగునపుడు బొక్కెన నిండుగా పైకి వచ్చును. నీరు కాలువలో బడిన పిమ్మట నవి వెనుకకు నడచును. ఆ నడకయే పాటకు తాళము. మాటల కర్థమెంత ముఖ్యమో, పాడువాని యూపిరి కవి యొదుగుటయు నంత ముఖ్యము. విద్యుత్తు మోటార్లు రాగానే మోటలు పోయినవి. వానితో పాటయు బోయినది. ఈ నేరము సినిమాది కాదుగదా!

17వ శతాబ్దమున, తానాషా ఏలుబడిలో, గోలకొండ చెఱలో మ్రగ్గిన కంచర్ల గోపన్న కీర్తనలు నేటికిని భజనలలో వినబడుచున్నవి. భక్తి యొక కారణము. పల్లవిని పదిమందియు నందుకొన గలుగుట మఱియొకటి. నా మట్టుకు రెండవదియే బలమైనది.

1946–51 నాటి రైతుపోరాట కాలమున నైజాము దొరతనము నెదిరించి బండి యాదగిరి కట్టిన బండ్లపాట యెన్ని యూళ్లు తిరిగినదో! 1980లో విడుదలైన ‘మాభూమి’ చిత్రమున దానిని పాడినవారు మన తూప్రానున బుట్టి 2023లో గతించిన గద్దరు. చూడుడు, ఆ పాటను తరువాతి తరమున కందించినది సినిమాయే!

నా భయము వేఱు. బతుకమ్మ చుట్టు నొకతె చెప్పగా దక్కినవా రందుకొని పాడుట మన యాచారము. ఇప్పు డనేక చోట్ల శబ్దయంత్రము పాడుచున్నది. ఆడువారు చప్పట్లు మాత్రము చఱచుచున్నారు. మీ యింటి ముసలమ్మలకు వచ్చిన పాటలను రాబోవు పండుగలోపల పిల్లలచేత వ్రాయింపుడు.