ఎవరు పంపిన జాబు?

ఊరు పేరు లేక వచ్చిన జాబును తెలుగునాట ఆకాశరామన్న ఉత్తరమందురు. అట్టి జాబు చేతికి వచ్చినప్పుడు పెద్దలు లోపలి విషయము కంటె ముందుగా కవరును త్రిప్పి చూచెడివారు. తపాలా ముద్ర ఏ ఊరిది, దస్తూరి ఎవరిది అని విచారించెడివారు. వ్రాసినవాడెవడో తెలిసినగాని వ్రాసిన మాటకు విలువ కట్టలేమని వారికి తెలియును. ఆ కాలముననే బేరింగు ఉత్తరమను మరియొక ఏర్పాటుండెను. బిళ్ళ అంటింపక పంపిన జాబునకు రుసుమును పుచ్చుకొనువారే చెల్లింపవలెను. అయితే వారికొక హక్కుండెను. ఇష్టము లేనిచో, అక్కరలేదని చెప్పి జాబును తపాలా జవానుకే తిరిగి ఇచ్చివేయవచ్చును.

ఈమెయిలులో ఈ రెండు చిక్కులును ఒకటిగా కలిసినవి. పంపినవాని పేరు నిజమో కాదో పైకి తెలియదు. లక్ష జాబులు పంపినను పంపినవానికగు ఖర్చు స్వల్పము; వాటిని మోసి, దాచి, ఏరి పారవేయు శ్రమ పుచ్చుకొనువారిది. ఈ చిక్కులను విప్పుటకు నిపుణులు రెండు మార్గములు త్రొక్కిరి. జాబులో ఏమున్నదో చదివి తీర్పు చెప్పుట మొదటిది. జాబు తెచ్చినవాని పూర్వప్రవర్తన ఎట్టిదో విచారించి తీర్పు చెప్పుట రెండవది. ఈ రెండవ మార్గము ఎట్లు పుట్టి పెరిగినదో, అందలి న్యాయాన్యాయములేవో ఈ ప్రసంగమున ముచ్చటింతము.

రే టామ్లిన్సన్ అను అమెరికా ఇంజనీరు 1971లో ఆర్పానెట్ అను కంప్యూటరుల వలయముపై ఒక యంత్రమునుండి మరియొక యంత్రమునకు జాబు పంపెను. మనిషి పేరునకును యంత్రము పేరునకును నడుమ నేడు మనము 'ఎట్' అని చదువు గుర్తును నిలిపినవాడతడే. అటు పిమ్మట నాలుగేండ్లకే, 1975 నవంబరులో, జాన్ పోస్టెల్ అను శాస్త్రజ్ఞుడు అనవసరపు జాబుల సమస్యను గూర్చి ఒక చిన్న పత్రము వ్రాసెను. పుచ్చుకొను కంప్యూటరునకు కొన్ని జాబులు కావలెనన్నచో వచ్చినవన్నియు చదువక తప్పుట లేదు. చెడిపోయిన యంత్రమో, చెడుబుద్ధి గల యంత్రమో ఎడతెగక జాబులు కురిపించినచో దానిని ఆపు దారి లేదు. కావున విసిగించు చోటినుండి వచ్చువానిని నిరాకరించు హక్కు ఉండవలెనని అతని వాదము. బేరింగు జాబును త్రిప్పి పంపు హక్కునే అతడు కోరెననవచ్చును. అప్పటికి పెద్ద ఉపద్రవమేదియు రాలేదు. వ్యాధికి ముందే వైద్యము తలచిన అరుదైన సందర్భమిది.

ఉపద్రవము 1978 మే మొదటి వారములో తొంగి చూచెను. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ అను కంపెనీకి చెందిన గ్యారీ థుర్క్ తమ క్రొత్త కంప్యూటరుల ప్రదర్శనకు రమ్మని సుమారు 400 మందికి ఒకేసారి జాబు పంపెను. మందలింపులు వచ్చినవి. కొంతకాలము ఎవరును మరల సాహసింపలేదు. వలయము చిన్నది, అందరును పరిచితులు. మాట పోవునను భయమే కావలిగా ఉండెను.

ఆ నమ్మకముమీదనే 1982లో పోస్టెల్ ఈమెయిలు రవాణాకు ఎస్.ఎం.టి.పి. అను నియమావళిని రచించెను. నేటికిని దానిదే పునాది. జాబు తెచ్చిన యంత్రము, తాను ఫలానా అనియు, జాబు ఫలానావారిదనియు చెప్పును. పుచ్చుకొను యంత్రము ఆ మాటను నమ్మును. పేరును పరీక్షించు ఏర్పాటు అందులో లేదు. ఊరందరు బంధువులైనప్పుడు తలుపులకు గడియ లేకున్నను చెల్లును. కాని 1990 తరువాత ఇంటర్నెట్టు వ్యాపారలోకమునకు తెరువబడినది. కోరని ప్రకటనలు వెల్లువగా వచ్చినవి. వాటికి 'స్పామ్' అను పేరు స్థిరపడినది. అది ఒక డబ్బా మాంసము పేరు. 1970లో బి.బి.సి. టెలివిజనులో మాంటీ పైథాన్ బృందము ప్రదర్శించిన హాస్యనాటికలో ఆ మాటనే మరల మరల వల్లించి తక్కిన సంభాషణను ముంచివేయుదురు. ఒకే కేక తక్కిన గొంతులను మ్రింగివేయుట ఎంత బాధయో మా వంటి ప్రసారకులకు వేరుగా చెప్పనక్కరలేదు.

1997లో పాల్ విక్సీ, డేవ్ రాండ్ అను నిపుణులు కాలిఫోర్నియాలో 'మ్యాప్స్' అను సంస్థ ద్వారా ఒక జాబితాను నడుపసాగిరి. ఆ పేరులోని ఇంగ్లీషు అక్షరములను వెనుకనుండి చదివినచో 'స్పామ్' అగును. ఎక్కడినుండి కోరని జాబులు వచ్చుచున్నవో ఆ యంత్రముల చిరునామాలను ఈ జాబితాలో చేర్చెడివారు. ఆ దినములలో అనేక సర్వరులు ధర్మసత్రముల వలె ఉండెడివి. ఎవరు తెచ్చిన జాబునైనను అడుగక ముందుకు సాగనంపెడివి. స్పామ్ పంపువారు ఆ సత్రములలో దూరిరి. జాబితాకెక్కిన సర్వరు యజమాని తన తలుపు మూసికొనువరకు అతని జాబులను ఇతరులు పుచ్చుకొనకుండిరి.

ఈ జాబితాను సంప్రదించు విధానము మిక్కిలి తెలివైనది. ప్రతి యంత్రమునకును నాలుగు సంఖ్యల చిరునామా ఉండును. అది 192.0.2.25 అనుకొందము. పుచ్చుకొను సర్వరు ఆ సంఖ్యలను వెనుక ముందులు చేసి 25.2.0.192 అని వ్రాసి, చివర జాబితా పేరును తగిలించి, ఇంటర్నెట్టులో పేర్లను చిరునామాలుగా మార్చి చెప్పు డి.ఎన్.ఎస్. అను వ్యవస్థను ప్రశ్నించును. అట్టి పేరు లేదని జవాబు వచ్చినచో ఆ చిరునామాపై ఫిర్యాదు లేదు. 127.0.0.2 వంటి జవాబు వచ్చినచో అది జాబితాకెక్కినది. జాబులోని ఒక్క అక్షరమైనను చదువక ముందే, రెప్పపాటు కాలములో తీర్పు ముగియును. చిరునామాలు చెప్పు పుస్తకమే నడవడిని చెప్పు పుస్తకముగా మారినది. 1998లో లండనులో స్టీవ్ లిన్‌ఫోర్డ్ స్థాపించిన స్పామ్‌హౌస్ సంస్థ జాబితాలు కూడ ఈ పద్ధతిలోనే ప్రపంచమంతట వ్యాపించినవి.

తాటిచెట్టు క్రింద పాలు త్రాగినను కల్లే అందురని మన సామెత. ఈ పద్ధతిలోని లోపమదియే. ఒకే చిరునామాను పదిమంది పంచుకొందురు. అందులో ఒకని దోషము తొమ్మిదిమందిని అంటును.

మాకును ఇది అనుభవమే. కొన్నియేండ్ల క్రిందట, కోరిన శ్రోతలకు కార్యక్రమముల పట్టికను ఈమెయిలులో పంపుచుంటిమి. ఉన్నట్టుండి శ్రోతల జవాబులు సన్నగిల్లినవి. కార్యక్రమములు నచ్చలేదు కాబోలునని మాలో మేము తర్కించుకొంటిమి. తుదకొక వృద్ధ శ్రోత, తమ్ము మరచితిమా యని పోస్టుకార్డు వ్రాసిరి. విచారింపగా, మేము జాబులు పంపు సర్వరునుండియే మరెవరో అంగడి ప్రకటనలు గుప్పించిరనియు, దానితో ఆ చిరునామాకే మచ్చ వచ్చినదనియు, మా జాబులు శ్రోతల పెట్టెలలో చెత్తబుట్ట పాలగుచున్నవనియు తేలినది. మచ్చను తుడిపించుటకు పలువురికి వ్రాయవలసి వచ్చినది. మమ్ము ఎవరును నిందింపలేదు, నేరమేమో చెప్పలేదు. మా మాట చేరకుండ పోయినది, అంతే.

తీర్పు చెప్పువానికి తీర్పు చెప్పగలవారెవరను ప్రశ్న న్యాయస్థానమునకును ఎక్కినది. తన్ను జాబితాలో చేర్చినందులకు ఈ360 అను అమెరికా కంపెనీ స్పామ్‌హౌస్‌పై ఇల్లినాయిలో దావా వేసెను. ఆంగ్లదేశపు సంస్థనగు తనపై ఆ కోర్టుకు అధికారము లేదని స్పామ్‌హౌస్ వాదమునుండి తొలగినది. 2006లో కోర్టు ఏకపక్షముగా 1 కోటి 17 లక్షల డాలర్ల పరిహారము విధించెను. అప్పీలు మీద ఆ మొత్తము రద్దయి, 2010లో 27,002 డాలర్లకు దిగినది. 2011లో తుదకు 3 డాలర్లయినది. కంపెనీ తన నష్టమును సాక్ష్యముతో నిరూపింపలేకపోయెను. ఇందు పరిహారము లెక్క తేలినదే గాని, జాబితా నడుపువాని బాధ్యత ఎంతవరకన్న ప్రశ్న తేలలేదు.

ఈలోగా స్పామ్ పంపువారు ఎత్తు మార్చిరి. గృహస్థుల కంప్యూటరులలో దొంగచాటుగా ప్రవేశించి, వారికి తెలియకయే వారి యంత్రములచేత జాబులు పంపింపసాగిరి. చిరునామా నిర్దోషియైన గృహస్థునిది, జాబు దొంగది. ఈ దొంగ సేనలను నడపు యంత్రములకు నెలవైన మెకోలో అను కాలిఫోర్నియా సంస్థను 2008 నవంబరు 11న ఇంటర్నెట్టునుండి వేరుచేయగా, లోకములోని స్పామ్ ఒక్కసారిగా సగమునకు పైగా తగ్గెను. కాని అది కొద్ది మాసముల ఊరట మాత్రమే.

చిరునామాను నమ్ముట చాలదు, పేరును నమ్మవలెననిన ఆ పేరు మొదట నిజమైనది కావలెను. 1982లో విడిచిన లోపమును పూరించు పని అట్లు మొదలయినది. 2003 ప్రాంతమున రూపొంది 2006లో ప్రకటింపబడిన ఎస్.పి.ఎఫ్. పద్ధతిలో, తన పేర జాబులు పంపుటకు ఏ యంత్రములకు అనుమతి కలదో పేరు గలవారే డి.ఎన్.ఎస్.లో బహిరంగముగా ప్రకటింతురు. 2007 నాటి డి.కె.ఐ.ఎం. పద్ధతిలో ప్రతి జాబునకును రహస్యమైన తాళపుచెవితో లక్కముద్ర వంటి గుర్తు వేయుదురు. ఆ ముద్ర నిజమో కాదో ఎవరైనను పరీక్షింపవచ్చును. ఈ పరీక్షలలో తప్పిన జాబునేమి చేయవలెనో పేరు గలవారే చెప్పుటకు 2012లో డిమార్క్ అను ఏర్పాటు వచ్చినది. అయితే పేరు నిజమైనంత మాత్రమున మనిషి మంచివాడని కాదు. మోసగాడును తన పేర నిజమైన ముద్ర వేసికొనగలడు. పేరు రుజువైన పిదపనే నడవడి లెక్క ఆరంభమగును.

ఆ లెక్క వ్రాయువారెవరు? జాబులు పుచ్చుకొను జనులే యను సమాధానమునకు రూపమిచ్చినవారిలో భారతీయుడగు విపుల్ వేద్ ప్రకాశ్ ఒకడు. అతడు 1998లో రచించిన రేజర్ అను సాధనములో, ఒకరు స్పామని చెప్పిన జాబు యొక్క వేలిముద్రను తక్కినవారందరును చూచి జాగ్రత్తపడవచ్చును. పిమ్మట ఫిర్యాదు చేయువారి నమ్మకమును కూడ తూచు ఏర్పాటు అందులో చేరినది. పదిమంది మెచ్చిన తీర్పులు చెప్పినవాని మాటకు బరువెక్కువ. తొందరపడి తప్పు చెప్పువాని మాటకు బరువు తక్కువ. సాక్షికిని మంచి పేరు కావలెనను పాత న్యాయమే ఇది. 2006లో గూగుల్ సంస్థకు చెందిన బ్రాడ్లీ టేలర్ తమ జీమెయిలులో పేరు రుజువైన ప్రతి పంపకందారునకును ఇట్టి లెక్క కట్టు విధమును ఒక పత్రములో వివరించెను. చదువరులు స్పామని నొక్కిన మీటలును, స్పాము కాదని నొక్కిన మీటలును అందులో లెక్కకు వచ్చును.

2024 ఫిబ్రవరి నుండి గూగుల్, యాహూ సంస్థలు ఈ మర్యాదలను పెద్ద పంపకందారులకు విధిగా చేసినవి. జీమెయిలు ఖాతాలకు దినమునకు 5,000కు మించి జాబులు పంపువారు పైన చెప్పిన మూడు ఏర్పాటులను పాటింపవలెను. వద్దన్నవారికి ఒక్క నొక్కుతో విడుదల ఇయ్యవలెను. స్పామను ఫిర్యాదులు నూటికి 0.3 దాటరాదు. పోస్టెల్ కోరిన హక్కు దాదాపు అర్ధశతాబ్దికి ఈ విధముగా నియమమైనది.

ఇది మేలే. పేరుతో కావలి కాయుట లేనిచో మన పెట్టెలు ఏనాడో పూడిపోయెడివి. కాని ఆ కావలి ధర్మముగా నడచుటకు మూడు మాటలు అవసరమని మాకు తోచుచున్నది. జాబితాకెక్కినవానికి కారణము తెలియవలెను. దోషము దిద్దుకొన్నవానికి తిరిగి వచ్చు త్రోవ ఉండవలెను. పూర్వచరిత్ర లేనివాడు, అనగా నిన్ననే జాబు వ్రాయ మొదలిడిన చిన్న పాఠశాలయో గ్రంథాలయమో, చెడ్డ చరిత్ర గలవాడుగా లెక్కింపబడరాదు. పెద్ద సంస్థలు తమ పేరును తాము కాపాడుకొనగలవు. చిన్నవారికి ఆ బలము లేదు.

ఇందు మనవంతు కూడ కొంత కలదు. మనమే కోరి తెప్పించుకొన్న జాబు విసుగు పుట్టించినచో, ఇక వద్దని చెప్పుట మర్యాద. స్పామని మీట నొక్కుట అబద్ధసాక్ష్యమగును. అప్పుడప్పుడు చెత్తబుట్టను కూడ ఒకసారి పరికింపవలెను. మాకు పోస్టుకార్డు వ్రాసిన ఆ వృద్ధ శ్రోత, మా మాట విని వెదుకగా, ఆ బుట్టలో ఏడు వారముల పట్టికలు ఒకదానిపై ఒకటి పడియుండెనట. మేము మరచితిమని ఆయన, ఆయన విసిగెనని మేము అనుకొన్నంతకాలము అవి అక్కడనే ఉన్నవి.