జవాబు రాని అర్జీలు: రాజన్ కేసులో ఒక తండ్రి కూడబెట్టిన సాక్ష్యం

1976 మార్చి 1 ఉదయం కాలికట్ రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్ దగ్గర ఇద్దరు విద్యార్థులను పోలీసులు పట్టుకుపోయారు. వారిలో ఒకరు పి. రాజన్, చివరి సంవత్సరం చదువుతున్నవాడు. ఫిబ్రవరి 28న కాయణ్ణ పోలీస్ స్టేషన్‌పై నక్సలైట్ల దాడి జరిగింది. ఆ కేసు పేరుతో కక్కయంలో పెట్టిన పోలీసు శిబిరానికి అనుమానితులను తరలించి హింసించేవారు. రెండో విద్యార్థి తర్వాత ప్రాణాలతో బయటపడ్డాడు. రాజన్ తిరిగి రాలేదు. కొడుకును తీసుకుపోయిన సంగతి తండ్రికి తెలిసింది కాలేజీ ప్రిన్సిపాల్ రాసిన ఉత్తరం వల్ల.

తండ్రి టి.వి. ఈచర వారియర్ హిందీ అధ్యాపకుడు. ఆయన పోరాటాన్ని సాధారణంగా 1977లో హైకోర్టు తీర్పుతో మొదలుపెట్టి చెబుతారు. ఈ వ్యాసం దృష్టి అంతకు ముందరి ఏడాదిపైన ఉంది. అప్పట్లో వ్యర్థమనిపించిన అర్జీలే తరువాత కేసుకు పునాది అయ్యాయని నా వాదన.

అత్యవసర పరిస్థితిలో కోర్టు తలుపులు మూసుకుపోయాయి. నిర్బంధంలో ఉన్నవారు హేబియస్ కార్పస్ (నిర్బంధించిన మనిషిని కోర్టు ముందు హాజరుపరచాలన్న ఆదేశం) కోరలేరని జబల్‌పూర్ కేసులో సుప్రీంకోర్టు 1976 ఏప్రిల్ 28న తేల్చింది. జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే విభేదించారు. వారియర్‌కు మిగిలినదల్లా అధికారుల గడపలే. కక్కయం శిబిరానికి వెళితే లోపలికి వెళ్లనివ్వలేదు. రాష్ట్ర హోంమంత్రి కె. కరుణాకరన్‌ను కలిశారు, పై అధికారులకూ కేంద్రానికీ రాశారు. కొడుకు ఎక్కడున్నాడో ఎవరూ చెప్పలేదు. ప్రభుత్వానికి మౌనం పాటించడం తేలికే. కానీ తేదీ వేసి పంపిన అర్జీకి జవాబివ్వని మౌనం కూడా దస్త్రంలో చేరుతుందన్న సంగతి ఆ రోజుల్లో ఎవరికీ తట్టినట్టు లేదు.

1977 మార్చి 21న అత్యవసర పరిస్థితి ముగిసింది. నాలుగు రోజులకే వారియర్ కేరళ హైకోర్టులో హేబియస్ కార్పస్ పిటిషన్ వేశారు. అదే రోజు, మార్చి 25న, కరుణాకరన్ ముఖ్యమంత్రి అయ్యారు. రాజన్‌ను అరెస్టు చేయనే లేదని ప్రభుత్వం అఫిడవిట్లలో చెప్పింది. పోలీసు రికార్డుల్లో అతని పేరు లేకపోవడం నిజమే. రాయవలసినవాళ్లే రాయకుండా వదిలేసిన రిజిస్టరును పట్టుకుని మనిషి లేడని వాదించడం వింత తర్కం. జస్టిస్ సుబ్రమణియన్ పోట్టి, జస్టిస్ వి. ఖాలిద్‌ల ధర్మాసనం అలాంటి రికార్డుతో సరిపెట్టుకోకుండా సాక్షులను స్వయంగా విచారించింది. పట్టుకుపోవడం కళ్లారా చూసినవారు, శిబిరంలో రాజన్‌ను చూసినవారు చెప్పిన మాటలకు విలువనిచ్చింది. వాటికి అండగా నిలిచినవి ఏడాది నాటి కాగితాలు. అత్యవసర పరిస్థితి ముగిశాక అల్లిన కథ ఇదని కొట్టిపారేయడానికి అవి వీలివ్వలేదు. కొడుకును పోలీసులు తీసుకుపోయారని తండ్రి అప్పుడే చెబుతూ వచ్చాడు కదా!

ఏప్రిల్ 13న కోర్టు రాజన్ పోలీసుల అదుపులో ఉన్నాడని నిర్ధారించి, అతన్ని హాజరుపరచమంది. ప్రభుత్వం హాజరుపరచలేకపోయింది. కరుణాకరన్ అదే నెలలో రాజీనామా చేశారు. మే నెలలో ప్రభుత్వం చివరికి ఒప్పుకుంది: అక్రమ నిర్బంధంలో, హింస వల్ల, 1976 మార్చి 2నే రాజన్ చనిపోయాడు. అంటే తండ్రి తిరిగిన ఏడాది మొత్తం, బతికిలేని కొడుకు కోసం తిరిగినదే.

తెలుగు నేలపై ఇదే కాలానికి ఒక పోలిక ఉంది. 1975 జూలైలో మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకులు కాల్పుల్లో చనిపోయారు. వారిలో సూరపనేని జనార్దన్ వరంగల్ రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థి. పోలీసులు దాన్ని ఎన్‌కౌంటర్ అన్నారు. పట్టుకున్నాకే కాల్చారని పౌర హక్కుల నిజనిర్ధారణ సంఘమైన తార్కుండే కమిటీ 1977లో తేల్చింది. ఇక్కడ మరణాన్ని ఒప్పుకుని దానికొక కథ కట్టారు. అక్కడ నిర్బంధాన్నే కాదన్నారు. రెండో పద్ధతి కుటుంబానికి మరింత క్రూరమైనదని నా అభిప్రాయం, ఎందుకంటే దుఃఖించడానికి కూడా ఆధారం మిగలదు.

రాజన్ శవం దొరకలేదు. దహనం చేశారని కొందరు, ఉరక్కుళి జలపాతం దగ్గర పడేశారని కొందరు అంటారు. ఎవరు తీసుకుపోయారన్న ప్రశ్నకు కోర్టు జవాబు సంపాదించింది. శరీరం ఏమైందన్న ప్రశ్న రిట్ పరిధిలో తేలేది కాదు. హింసించిన అధికారులపై నేర విచారణ కోయంబత్తూరుకు మారింది, అక్కడా ఆ జవాబు రాలేదు. కొడుకు చనిపోయాడని వారియర్ తన భార్యకు చెప్పలేకపోయారు. మనసు చెదిరిన ఆమె కొడుకు వస్తాడనే ఎదురుచూసింది. వారియర్ తన జ్ఞాపకాలను మలయాళంలో పుస్తకంగా రాసి 2006లో కన్నుమూశారు.

ఆ సంవత్సరం డిసెంబరులోనే ఐక్యరాజ్యసమితి, మనిషిని పట్టుకుపోయి ఆ నిర్బంధాన్నే కాదనే ఇలాంటి బలవంతపు అదృశ్యాలకు వ్యతిరేకంగా అంతర్జాతీయ ఒడంబడికను ఆమోదించింది. భారతదేశం 2007లో దానిపై సంతకం చేసింది కానీ ధ్రువీకరించలేదు. 2023లో శిక్షాస్మృతిని కొత్తగా రాసినప్పుడు కూడా బలవంతపు అదృశ్యాన్ని ప్రత్యేక నేరంగా చేర్చలేదు. రాజన్‌లాంటి కేసు నేడు వచ్చినా, అపహరణ, అక్రమ నిర్బంధం, హత్య వంటి విడివిడి సెక్షన్లలోనే నమోదు చేయాలి.