ఆనంది (బాలికా వధు)

ఆనంది ‘బాలికా వధు’ అనే హిందీ టీవీ ధారావాహికలో ప్రధాన పాత్ర. తెలుగువారికి ఈమె మా టీవీలో ప్రసారమైన అనువాదం ‘చిన్నారి పెళ్లికూతురు’తో పరిచయం. కలర్స్ ఛానెల్ పుట్టిన రోజే, 2008 జులై 21న, ధారావాహిక కూడా మొదలైంది. 2016 జులై 31 వరకు రెండు వేలకు పైగా భాగాలు నడిచింది. నిర్మాణం స్ఫియర్ ఆరిజిన్స్ సంస్థది, మూలకథ పూర్ణేందు శేఖర్‌ది. ఎదిగిన ఆనందిగా ఇంటింటా తెలిసిన ప్రత్యూషా బెనర్జీ జంషెడ్‌పూర్ అమ్మాయి.

పాత్ర

రాజస్థాన్‌లోని జైత్‌సర్‌లో ఉండే జమీందారీ కుటుంబపు కుర్రాడు జగదీశ్‌కు ఆనందినిచ్చి ఎనిమిదేళ్ల వయసులోనే పెళ్లి చేస్తారు. బొమ్మలాటకూ పెళ్లికీ తేడా తెలియని పిల్ల అత్తవారింట కాలు పెడుతుంది. ఆ ఇంట్లో మాట చెల్లేది నాయనమ్మ కల్యాణీదేవిది. ఆ పాత్రలో సురేఖా సిక్రీ గొంతు పెంచకుండానే భయపెట్టారు. ఆడపడుచు సుగుణ కథ ఇంకా కటువైనది: ఆమెకూ చిన్నప్పుడే పెళ్లయింది, కాపురానికి వెళ్లకముందే భర్త చనిపోయాడు.

పెద్దయ్యాక జగదీశ్ డాక్టరు చదువుకని ముంబై వెళ్లి, అక్కడ గౌరిని పెళ్లాడతాడు. ఈ మలుపు దగ్గర ఏడ్చి సర్దుకుపోయే భార్యను చూపించడం మన సీరియళ్లకు అలవాటు. ఆనంది మాత్రం విడాకులు తీసుకుంటుంది, ఊరి సర్పంచ్ అవుతుంది, తర్వాత కలెక్టర్ శివరాజ్ శేఖర్‌ను పెళ్లి చేసుకుంటుంది. ధారావాహిక మొత్తంలో గట్టి భాగం ఇదే. ఆ తర్వాతి ఏళ్లలో సాగదీత ఎక్కువైంది.

బ్రిటిష్ హాస్య ధారావాహికల్లోని భార్యల పక్కన పెట్టి చూస్తే ఆనంది ప్రత్యేకత తెలుస్తుంది. ‘ఫాల్టీ టవర్స్’లో ప్రూనెల్లా స్కేల్స్ పోషించిన సిబిల్ 1975లో భర్తను ఎలా గదమాయించిందో 1979లోనూ అలాగే గదమాయిస్తుంది. ఉన్నవి పన్నెండే భాగాలు, ప్రతి భాగంలోనూ పాత్ర మళ్లీ మొదటికే వస్తుంది. నవ్వు పుట్టేది అక్కడే. ఆనందికి ఆ వెసులుబాటు లేదు. బాల్యవివాహం కథ కాబట్టి ఆమె వయసు పెరగక తప్పదు, వయసు పెరిగితే నటి మారక తప్పదు.

జంషెడ్‌పూర్ ఆనంది

చిన్న ఆనంది అవికా గోర్. 2010లో కథ కొన్నేళ్లు ముందుకు దూకినప్పుడు కొత్త ఆనంది కోసం ఛానెల్ పోటీ పెట్టింది. ప్రేక్షకుల ఓట్లతో గెలిచిన ప్రత్యూష 1991 ఆగస్టు 10న జంషెడ్‌పూర్‌లో పుట్టారు. టాటా ఉక్కు కర్మాగారం చుట్టూ పెరిగిన ఊరది. ఒడియా, బెంగాలీ, పంజాబీ కుటుంబాలతో పాటు ఉత్తరాంధ్ర నుంచి వెళ్లిన తెలుగువాళ్లూ అక్కడ తరాలుగా ఉన్నారు. బిష్టుపూర్‌లో ఆంధ్ర భక్త శ్రీరామ మందిరమూ ఉంది. అలాంటి ఊళ్లో పెరిగిన బెంగాలీ అమ్మాయి రాజస్థానీ పల్లె కోడలి ముసుగు, యాస అలవాటు చేసుకుని, కోడలిగా ఒప్పించింది. 2013లో ఆమె తప్పుకోగా తోరల్ రాస్‌పుత్రా ఆ పాత్రలోకి వచ్చారు. ప్రత్యూష 2016 ఏప్రిల్ 1న ముంబైలో, ఇరవై నాలుగేళ్ల వయసులో మరణించారు.

తెలుగులో

మూలంలోని ‘వధు’ తెలుగులో ‘చిన్నారి పెళ్లికూతురు’ అయింది. పేరు ముద్దుగానే ఉంది, కాస్త ఎక్కువ ముద్దుగా. బాల్యవివాహం తెలుగువారికి కొత్త కథ కాదు. గురజాడ ‘కన్యాశుల్కం’ 1892లోనే రంగస్థలం ఎక్కింది. అందులో రగడంతా సుబ్బి పెళ్లి గురించే, కానీ సుబ్బి మాత్రం మనకు కనిపించేది తక్కువ. ఆనంది విషయంలో పెళ్లికూతురే కథను నడిపింది. చిన్న ఆనందిగా చూసిన అవికా గోర్‌ను 2013లో ‘ఉయ్యాల జంపాల’ కథానాయికగా చూసినప్పుడు, మన ఇంటి పిల్ల ఎదిగొచ్చిందన్నట్టే అనుకున్నారు ప్రేక్షకులు.

విమర్శలూ లేకపోలేదు. బాల్యవివాహ నిషేధ చట్టం 2007 నవంబరులో అమల్లోకి వచ్చిన కొన్ని నెలలకే ధారావాహిక మొదలైంది. దురాచారాన్ని ఖండిస్తున్నామంటూ దాన్నే రంగురంగుల గాగ్రాల్లో చూపిస్తున్నారన్న అభ్యంతరం 2009లో పార్లమెంటు దాకా వెళ్లింది. అభ్యంతరంలో కొంత నిజముంది. పిల్ల పెళ్లి ముచ్చట్లు చూపిన భాగాలు చూడముచ్చటగా ఉండి, కథ చెప్పదలచిన కష్టాన్ని వెనక్కి నెట్టేవి.

2021 ఆగస్టులో ‘బాలికా వధు 2’ మొదలైంది. అందులోనూ నాయిక పేరు ఆనందే, మళ్లీ చిన్నపిల్లే. మొదటి ఆనంది పెద్దదవడానికి రెండేళ్లు పట్టింది. ఈ ఆనందిని కొన్ని నెలల్లోనే పెద్దదాన్ని చేసేశారు.