దేహసిద్ధి నుండి శ్రవణయంత్రం వరకు

దేహానికి యంత్రాన్ని జతచేయడం ఆధునికుల ఊహ మాత్రమే కాదు. యుద్ధంలో కాలు కోల్పోయిన విశ్పలకు అశ్వినీదేవతలు లోహజంఘను అమర్చిన ప్రస్తావన ఋగ్వేద ప్రథమ మండలంలోనే ఉంది. ఆమె మరల నడవడానికే ఆ అనుగ్రహం, అమరత్వానికి కాదు.

కాలాంతరంలో మరొక ఆకాంక్ష ప్రబలింది. 14వ శతాబ్దిలో మాధవాచార్యులు సర్వదర్శనసంగ్రహంలో రసేశ్వరదర్శనాన్ని ప్రత్యేకంగా వివరించారు. పారద, అభ్రకాలతో దేహాన్ని జరామరణరహితం చేసుకొని, ఆ స్థిరదేహంలోనే జీవన్ముక్తిని పొందాలని రససిద్ధుల మతం. శ్రీశైలం వారి కీర్తిక్షేత్రం. దాని దక్షిణద్వారమైన సిద్ధవటం కడప సీమలోనిదే. వారికి సైతం దేహం సాధనం, ముక్తి సాధ్యం.

అదే సీమలో వైద్యం వేరొక మార్గాన నడిచింది. పెన్నాతీరాన జమ్మలమడుగులో 19వ శతాబ్ది చివర లండన్ మిషనరీ సొసైటీ నెలకొల్పిన క్యాంప్‌బెల్ ఆసుపత్రి వెలసింది. అక్కడ వైద్యాధికారిగా పనిచేసిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి 1973లో పులివెందులలో 70 పడకల ఆసుపత్రిని స్థాపించారు. ఆయన ముఖ్యమంత్రిగా ఉండగా 2007లో ఆరోగ్యశ్రీ ఆరంభమైంది. పేద కుటుంబాల్లోని బధిరశిశువులకు కాక్లియర్ ఇంప్లాంట్ ఆ పథకం ద్వారా అందుబాటులోకి వచ్చింది.

ఈ యంత్రం ధ్వనిని పెద్దది చేయదు. చెవి వెలుపల ధరించే యంత్రభాగం శబ్దాన్ని గ్రహించి విద్యుత్సంకేతాలుగా మారుస్తుంది. లోపల అమర్చిన ఎలక్ట్రోడ్లు శ్రవణనాడిని నేరుగా ప్రేరేపిస్తాయి. అయితే శస్త్రచికిత్సతో పని ముగియదు. వినిపించినదానికి అర్థం తెలియడానికి దీర్ఘకాల అభ్యాసం కావాలి. యంత్రం ద్వారం తెరుస్తుంది; ప్రవేశించవలసింది మనస్సే.

2024 జనవరిలో న్యూరాలింక్ సంస్థ తన పరికరాన్ని తొలిసారి మానవ మస్తిష్కంలో అమర్చింది. పక్షవాతగ్రస్తుడు సంకల్పమాత్రంతో కంప్యూటర్‌ను నడిపాడు. ఇది విశ్పల జంఘకు సన్నిహితమే. రేపు ఆరోగ్యవంతుడు ఇతరులను మించడానికే దీనిని కోరితే? హద్దు లోహంలో లేదు, సంకల్పంలో ఉంది. లోపించిన ఇంద్రియాన్ని పూరించడం దయ. తృష్ణను పోషించడానికి ఇంద్రియాలను పెంచడం బంధం. చెవి వెనుక వినేదెవరని కేనోపనిషత్తు అడిగిన ప్రశ్నకు ఏ ఎలక్ట్రోడూ సమాధానం కాదు.

అయినా ఆ ప్రశ్నను వినడానికీ చెవి కావాలి. ప్రొద్దుటూరు ముక్తిరామేశ్వరాలయ ఘంటానాదం ఒక బధిరశిశువుకు తొలిసారి వినిపిస్తే, ఆ యంత్రం ధన్యమే.