రిపోర్టులో ఒక్క వాక్యం: ప్రతిపదార్థం

పన్నెండేళ్ల పిల్లవాడి వెన్ను సీటీ స్కాన్ తీశారనుకుందాం. కాగితం మీద ఇలా ఉంటుంది: "నొప్పితో కూడిన పార్శ్వగూని, వంపు లోపలి పక్క లామినాలో నిడస్, ఆస్టియాయిడ్ ఆస్టియోమా కావచ్చు." అది కణితి అని ఎవరో చెప్పగానే తల్లికి ఇంకేమీ వినబడదు. అందుకే ఒక్కో మాటా విప్పుదాం.

పార్శ్వగూని: గూని అనగానే మదనపల్లె వైపు పెద్దలకు క్షయ గుర్తొస్తుంది. ఊరి పక్కన ఆరోగ్యవరంలో 1915లో క్షయ ఆస్పత్రి వెలిసింది మరి. క్షయ వెన్నుపూస ముందు భాగాన్ని తినేస్తే వెన్ను ముందుకు కూలి, వీపు మీద మొన తేలుతుంది. ఇది అది కాదు. ఇక్కడ వెన్ను పక్కకు ఒరుగుతుంది. ఎక్స్‌రేలో కొలిచే కాబ్ కోణం 10 డిగ్రీలైనా ఉంటేనే ఈ పేరు.

నొప్పితో కూడిన: వాక్యానికి ప్రాణం ఈ మాటే. ఎదిగే ఆడపిల్లల్లో ఎక్కువగా చూసే, కారణం తెలియని పార్శ్వగూని సాధారణంగా పెద్దగా నొప్పి పెట్టదు. ఒక భుజం ఎత్తుగా ఉందనో, గౌను ఒక పక్కకు జారుతోందనో ఇంట్లోవాళ్లు కనిపెడతారు. కణితి వల్ల వచ్చే గూనిలో చాలాసార్లు నొప్పే ముందు, వంపు తర్వాత. రాత్రిళ్లు పిల్లవాణ్ణి నిద్ర లేపుతుంది. ఇబుప్రొఫెన్ లాంటి మాత్రకు తగ్గి, మళ్లీ వస్తుంది. పుస్తకాల సంచి బరువనో, బడి ఎగ్గొట్టే సాకనో అనుకుంటాం. తల్లిదండ్రులది తప్పనలేం, మామూలు ఎక్స్‌రేకు కూడా ఈ కణితి తరచూ చిక్కదు. కానీ "రాత్రి నొప్పికి మెలకువ వస్తోందా నాయనా?" అని ఒక్కసారి అడగాలి.

వంపు లోపలి పక్క: కొడవలిని తలచుకోండి. కణితి సాధారణంగా దాని లోపలి అంచు వైపే ఉంటుంది. కణితి చుట్టూ పుట్టే మంటకు అటువైపు కండరాలు బిగిసి వెన్నును తమవైపు లాగుతాయి. బెల్టు కట్టినా ఆ లాగుడు పోదు, కారణం లోపలే ఉంది కనుక.

లామినా: వెన్నుపాముకు వెనక కప్పులాంటి పలుచని ఎముక.

నిడస్: లాటిన్‌లో గూడు. కణితి అసలు కేంద్రం ఇదే. చుట్టూ ఎముక గట్టిపడుతుంది. గూడు 2 సెంటీమీటర్లు దాటితే ఆస్టియోబ్లాస్టోమా అంటారు.

ఆస్టియాయిడ్ ఆస్టియోమా: ఆస్టియాయిడ్ అంటే ఇంకా సున్నం పట్టని పచ్చి ఎముక. 1935లో హెన్రీ జాఫీ అనే వైద్యుడు దీన్ని ప్రత్యేక వ్యాధిగా గుర్తించాడు. ఇది క్యాన్సర్ కాదు, ఒళ్లంతా పాకదు. గూటిలో ప్రోస్టాగ్లాండిన్లు ఎక్కువగా తయారవుతాయి, నొప్పి వాటి వల్లే. ఇబుప్రొఫెన్ లాంటి మాత్రలు అడ్డుకునేదీ వాటినే.

కావచ్చు: రూఢి కావాలి, నిజమే. అలాగని చూద్దాంలే అని ఏడాది ఆగకూడదు. పెట్టైన్, క్లాసెన్ అనే వైద్యులు 1986లో ప్రచురించిన పరిశీలనలో, నొప్పి మొదలైన 15 నెలల లోపు గూడు తీసేసిన పిల్లల్లో వంపు సర్దుకుంది; ఆలస్యమైన కొద్దీ ఆ అవకాశం తగ్గింది. ఇప్పుడు చాలాచోట్ల సీటీలో చూస్తూ సూది దించి, వేడితో గూటిని కాలుస్తారు. నరం మరీ దగ్గరైతే ఆపరేషన్. గూడు పోయాక నొప్పి కొద్ది రోజుల్లోనే వదులుతుంది. వెన్ను మాత్రం నెలల తరబడి మెల్లగా నిటారవుతుంది.